తెడ్డు మీద ఎర్ర గీత

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గాని, ఆ తీరంలో ఎవరికీ దాని అవసరం పడలేదు. అందరూ నిట్రాట అంటారు. పాక నడుమ పాతి, పైకప్పు బరువంతా ఆనించే గుంజ ఉంటుంది చూడండి, అదీ నిట్రాట. మనిషి అచ్చం అలాగే ఉంటుంది. పొడుగు, బక్కపలచన, వెన్ను ఎక్కడా వంగదు. మొహం మీదే అలా పిలిచినా ఏమీ అనుకోదు. పైగా లోలోపల కాస్త గర్వం కూడానేమోనని నా అనుమానం.

యాభై తొమ్మిదేళ్ళ ఆ మనిషి రోజూ పొద్దున ఏడు గంటలకు గాలి నింపిన ఒక పొడవాటి బోర్డును నీళ్ళలోకి తోసి, దాని మీద నిలబడి, తన కంటే జానెడు ఎత్తున్న తెడ్డుతో నీళ్ళను వెనక్కి నెడుతూ, రాళ్ళ కట్ట చివరి దాకా వెళ్ళి తిరిగొస్తుంది. తీరం అక్కడ లోపలికి ఒంపు తిరిగి ఉంటుంది. ఒక పక్క రాళ్ళ కట్ట, వెనక మూడంతస్తుల ఇళ్ళ వరస. పెద్ద అలలు లోపలికి రావు. నీళ్ళు పళ్ళెంలో పోసి పెట్టినట్టు ఉంటాయి. ఒడ్డున బెంచీల మీద కూర్చున్నవాళ్ళు కాఫీ తాగుతూ ఆవిడ వంక చూస్తారు. ఈ వయసులో ఆవిడ నిలబడగా లేనిది మనం నిలబడలేమా అనుకుంటారు. అనుకుని, లేచి షెడ్డు దగ్గరికి వచ్చి బోర్డు అద్దెకు అడుగుతారు. పదకొండేళ్ళుగా ఆ షెడ్డుకు వేరే ప్రకటన లేదు. ఆవిడే ప్రకటన.

షెడ్డు తమ్ముడి పేరు మీద ఉంది. తమ్ముడు రేవులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, సాయంత్రం తప్ప కనపడడు, కనపడినా మాట్లాడడు. షెడ్డు నడిపేది ఇద్దరు ఆడవాళ్ళు. నీళ్ళ మీద పని నిట్రాటది. నేల మీద పని మరదలిది.

మరదలు పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. షెడ్డు లోపల ఒక చిన్న పీట వేసుకుని దాని మీదే పొద్దంతా గడుపుతుంది. పద్నాలుగు బోర్డులకు గాలి కొట్టడం, ఎండ ఎక్కితే అతుకులు విచ్చుకోకుండా కాస్త గాలి తీయడం, చిరుగులకు జిగురు రాసి పట్టీ వేయడం, తిరిగొచ్చినవాటిని మంచినీళ్ళతో కడిగి నీడన నిలబెట్టడం, ఎవరికి ఏ పొడవు తెడ్డు కావాలో చూసి సర్దడం, అన్నీ ఆవిడే. నీళ్ళంటే మాత్రం చచ్చేంత భయం. సముద్రం పక్కన ఇన్నేళ్ళుండి మోకాలి పైకి తడవని మనిషి ఆ తీరం మొత్తం మీద ఆవిడొక్కతే అయుంటుంది. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నాకు నీళ్ళు బకెట్లో ఉంటే చాలండీ" అనేది.

నిట్రాట పాఠం మొదలుపెట్టే తీరు కూడా ఆవిడలాగే ఉంటుంది. వచ్చినవాళ్ళను షెడ్డు గోడ పక్కన వరసగా నిలబెట్టి చెబుతుంది.

"కాళ్ళు చూసుకోకండి. మీ కాళ్ళెక్కడికీ పోవు. ఎక్కడికి వెళ్ళాలో అటు చూడండి. తెడ్డుకున్న వంపు మీకు ముందు వైపు ఉండాలి, తిరగేసి పట్టుకుంటే చేతులు నొప్పెట్టడం తప్ప ఏమీ కాదు. కాలిని బోర్డుకు కలిపే ఈ కాలితాడు కట్టుకోకుండా ఎవరూ దిగడానికి వీల్లేదు. పడితే మీరు మునగరు, లైఫ్ జాకెట్టుంది. కానీ బోర్డు గాలికి కొట్టుకుపోతుంది. అప్పుడు తెలుస్తుంది. భయం వేస్తే మూడుసార్లు ఈల వేయండి. సిగ్గుపడకండి."

గోడకు అవతలి వైపు పీట మీద కూర్చుని మరదలు ఈ పాఠం రోజుకు నాలుగైదు సార్లు వింటుంది. పదకొండేళ్ళ లెక్క మీరే వేసుకోండి.

షెడ్డు ముందర ఒక నల్ల పలక వేలాడుతుంది. పొద్దున్నే నిట్రాట గాలి చూసి దాని మీద సుద్దతో మూడింట్లో ఒక మాట రాస్తుంది. 'నిలబడవచ్చు' లేదా 'మోకాళ్ళ మీదే' లేదా 'ఈరోజు వద్దు'. అందులో రెండో మాట జనానికి నచ్చదు. ఎందుకంటే అది రాసేది సరిగ్గా నీళ్ళు అన్నిటికంటే నునుపుగా కనిపించే రోజున. గాలి ఇళ్ళ మీంచి, కట్ట మీంచి సముద్రం వైపు వీస్తుంటే ఒడ్డున ఆకు కదలదు, నీళ్ళు అద్దంలా ఉంటాయి. కట్ట చివర దాటారో, ఆ గాలి వీపు మీద చెయ్యి వేసి నెడుతుంది. నిలబడ్డ మనిషి తెరచాపతో సమానం. వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు ఎంత తెడ్డు వేసినా ఉన్నచోటే ఉంటారు. అలాంటప్పుడు మోకాళ్ళ మీద కూర్చోవాలి, ఇంకా కష్టమైతే బోర్లా పడుకుని చేతులతో ఈదుకుంటూ రావాలి. ఇది ఆవిడ అందరికీ చెబుతుంది. తనకు తాను ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ రోజుల్లో కూడా తను నిలబడే వెళ్ళేది, కాకపోతే కట్ట చివరికి పది బారలు ఇవతలే తిరిగొచ్చేసేది.

ఆవిడకు ఈ నిలబడే పట్టుదల నీళ్ళ దగ్గర పుట్టింది కాదు. పెళ్ళైన ఆరేళ్ళకే భర్త జబ్బు చేసి పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళకు ఒక పెట్టె పట్టుకుని తమ్ముడింటికి వచ్చింది. తమ్ముడికి అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. వచ్చిన మర్నాడు అందరికంటే ముందు లేచి ఇల్లంతా ఊడ్చి, మధ్యాహ్నానికల్లా బట్టల ఫ్యాక్టరీలో పని చూసుకుని వచ్చింది. కటింగ్ బల్ల దగ్గర పని. అక్కడ ఇరవై ఏళ్ళు నిలబడింది. ఆ గదిలో కుర్చీ ఉండేది కాదు. కూర్చుంటే కత్తెర వంకర పోతుందని సూపర్‌వైజరు సిద్ధాంతం. మిగిలినవాళ్ళు ఆయన్ను తిట్టుకునేవాళ్ళు. ఈవిడ తిట్టలేదు. తమ్ముడింట్లో కూర్చుని తింటోందన్న మాట తన చెవిన పడకుండా ఉంటే చాలనుకుంది. నిజానికి ఆ మాట ఎవరూ అనలేదు. తమ్ముడు అనలేదు, ఆ తర్వాత ఐదేళ్ళకు కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన మరదలూ అనలేదు. ఎవరూ అనని మాటకు ఆవిడ ముప్పై ఏళ్ళ పైగా జవాబు చెబుతూనే ఉంది.

ఇలా ఉండగా, పోయిన చలికాలం ఒక పొద్దున కట్ట దగ్గర బోర్డు తిప్పబోతుంటే, ఇళ్ళ వరస మొత్తం ఒక్కసారి పక్కకు జారింది. జారింది ఇళ్ళు కాదని ఆవిడకు వెంటనే తెలిసింది. తెడ్డును నీళ్ళలో నిలువుగా గుచ్చి, ఎదురుగా ఉన్న ఒకే ఒక్క కిటికీ వంక చూస్తూ, అది ఆగేదాకా నిలబడింది. ఆ వారంలో మళ్ళీ రెండుసార్లు వచ్చింది. మంచం మీంచి లేచేటప్పుడు ఒకసారి, తల తుడుచుకునేటప్పుడు ఒకసారి.

జిగురు కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి, రెండు వీధుల అవతల చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెవిలో దీపం వేసి చూశాడు. తల అటూ ఇటూ తిప్పించాడు. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నాడు. ఆవిడ నిలబడలేకపోయింది. ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ సంగతి ఇప్పటికీ ఆవిడకు తల్చుకుంటే సిగ్గే.

"చెవి లోపల తూకం చూసుకునే భాగం ఒకటుంటుందమ్మా. అది కాస్త దెబ్బతింది. మందులిస్తాను. ఎత్తు మీద, నీళ్ళ మీద నిలబడే పనులు తగ్గించుకోండి" అన్నాడు ఆయన.

"తగ్గించుకుంటే పోతుందా?"

"పోవచ్చు, ఉండిపోవచ్చు. పడకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది."

ఆవిడ తల ఊపి, ఊపినందుకు మళ్ళీ తల తిరిగితే కుర్చీ పట్టుకుని, ఫీజు ఇచ్చి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. మందుల కోసం మళ్ళీ రెండుసార్లు వెళ్ళినప్పుడూ జిగురు పేరే చెప్పింది. నిలబడలేని మనిషి ఆ షెడ్డుకు ఎందుకు? ఆ ఇంటికి మాత్రం ఎందుకు? జవాబు వెతకడానికే భయం వేసి, ఆ ప్రశ్న ఆవిడ పైకి అనలేదు. మర్నాడు ఏడు గంటలకు యథాప్రకారం బోర్డు నీళ్ళలోకి తోసింది. ఒకసారి కూర్చుంటే ఇక లేవనన్నది ఆవిడ నమ్మకం.

విచిత్రం ఏమిటంటే, ఎండలు మొదలయ్యేసరికి ఆవిడకు నీళ్ళ మీద కాస్త తేలికనిపించసాగింది. తల తిరగడం పూర్తిగా పోలేదు గాని, వచ్చినా బోర్డు అంతగా ఊగడం లేదు. కాళ్ళు కుదురుగా ఉంటున్నాయి. మందులు పనిచేస్తున్నాయనుకుంది. నాలో ఇంకా సత్తువ ఉందనుకుంది. డాక్టరుకేం తెలుసు అని కూడా అనుకుంది.

ఆ రోజు పొద్దున మరదలికి పన్ను నొప్పి. బుగ్గ వాచి మాట కూడా సరిగ్గా రావడం లేదు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి తొమ్మిదికల్లా వస్తానంది. అంటే ఆ రోజు నిట్రాట తన సామాను తనే సర్దుకోవాలి. చాలా కాలంగా ఆవిడ ఆ పని చేయలేదు. మరదలు తెడ్డు చేతికిస్తుంది, బోర్డు ఇసుకలో సిద్ధంగా పెడుతుంది, ఈవిడ ఎక్కి వెళ్తుంది.

ముందుగా పలక మీద 'మోకాళ్ళ మీదే' అని రాసింది. గాలి ఇళ్ళ మీంచి వస్తోంది, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆ తర్వాత తెడ్డు తీసుకుంది. ఆ తెడ్డు ఒక గొట్టంలో ఇంకో గొట్టం దూరేలా ఉంటుంది, పొడవు ఎంత కావాలంటే అంత పెట్టుకుని బిగించుకోవచ్చు. మొదటి ఏడాది తన పొడవు చూసుకుని, లోపలి గొట్టం మీద ఎర్రటి గోళ్ళరంగుతో ఒక గీత గీసుకుంది. ఆ గీత బిగింపు అంచున కనపడాలి. కనపడలేదు. బిగింపు వదులు చేసి లాగితే, ఆరు వేళ్ళ లోతు నుంచి బయటికి వచ్చింది. దానికి పైన వేలు వెడల్పు దూరంలో ఒక్కొక్కటిగా, గోటితో గీరినట్టు ఆరు సన్న గీతలు.

బోర్డు తిరగేసి చూసింది. మధ్యలో ఉండే ఒక్క రెక్కకు అటూ ఇటూ కొత్తగా రెండు రెక్కలు బిగించి ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళ బోర్డులకు పెట్టేవి అవి, బోర్డు పక్కకు జారకుండా. పైన కాళ్ళు పెట్టుకునే చాప కూడా పాతది కాదు, గరుకుది.

తెడ్డు పొట్టిదైతే మనిషి తెలియకుండానే మోకాళ్ళు వంచి, కిందికి ఒంగి నిలబడుతుంది. అలా ఒంగినవాళ్ళు తొందరగా పడరు. ఈ సంగతి ఆవిడే వందల మందికి చెప్పింది. పదకొండేళ్ళ అనుభవం ఉన్న మనిషికి తన తెడ్డు ఆరు వేళ్ళు తగ్గిందని తెలియలేదా అని మీరు అడగొచ్చు. తెలియకూడదని గట్టిగా అనుకుంటే ఏదీ తెలియదు.

ఆవిడకు ముందు వచ్చింది దుఃఖం. మందులు కాదు, సత్తువ కాదు, ఈ రెండు రెక్కలూ ఆరు గీతలూ అన్నమాట ఇన్నాళ్ళూ నిలబెట్టింది. దుఃఖం ఎక్కువసేపు ఉండనివ్వలేదు ఆవిడ. కోపం తెచ్చుకుంది. మరదలికి తెలిసిపోయింది. తెలిసి, నోరెత్తకుండా, పసిపిల్లకు చేసినట్టు చేసింది. రేపో మాపో తమ్ముడి చెవిన వేస్తుంది, మీ అక్క ఇక పనికి రాదని. వేసి ఉంటుంది కూడా. పక్క రెక్కలు రెండూ ఊడదీసి ఇసుకలో పడేసింది. తెడ్డును ఎర్ర గీత దాకా లాగి బిగించింది. కాలితాడు కట్టుకుంది. తను రాసిన పలక ముందు నుంచే నడుచుకుంటూ వెళ్ళి, నిలబడి బయలుదేరింది.

బెంచీ మీద రొట్టెల దుకాణం ఆయన కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి. మూడేళ్ళుగా రోజూ పొద్దున అక్కడే కూర్చుని చూస్తాడు, ఎప్పుడూ బోర్డు అడగలేదు. పలక వంక, ఆవిడ వంక మార్చి మార్చి చూశాడు.

కట్ట సగం దాటేదాకా ఏమీ కాలేదు. ఈరోజు తెడ్డు వేయకుండానే పోతోందే అనిపించింది. అలా అనిపించడమే ప్రమాదమని తెలిసిన మనిషి. అయినా పది బారలు ఇవతల ఆగలేదు. కోపం ఉంది కదా, కట్ట చివర దాటి చూపిద్దామనుకుంది. ఎవరికి చూపించాలో ఆవిడకూ తెలియదు. చివర దాటింది. గాలి వీపు మీద చెయ్యి వేసింది.

తిరగడానికి తల తిప్పింది. ఇళ్ళ వరస జారింది, కట్ట జారింది, ఆకాశం కూడా జారింది. పొడుగు తెడ్డు చేతిలో ఎక్కడికో పోయింది. నీళ్ళు మూతికి, ముక్కుకు కొట్టాక గాని పడ్డానని తెలియలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి.

కాలితాడు లాగి బోర్డు పట్టుకుంది, ఎక్కింది, తేలుతున్న తెడ్డు అందుకుంది. ఆ క్షణంలో మోకాళ్ళ మీద ఉండిపోతే సరిపోయేది. ఇది ఎవరైనా చెప్పగలరు, ఆవిడ ఇంకా బాగా చెప్పగలదు. కానీ ఒడ్డున బెంచీల మీద జనం ఉన్నారు. లేచి నిలబడింది. గాలి తెరచాపను పట్టుకున్నట్టు పట్టుకుని ఇంకాస్త దూరం నెట్టింది. మళ్ళీ పడింది. మళ్ళీ లేచింది. హద్దు కోసం కట్టిన నారింజ రంగు బంతులు ఇప్పుడు తనకూ ఒడ్డుకూ మధ్య ఉన్నాయి. ఈల మెడలోనే ఉంది. సిగ్గుపడకండి అని జనానికి చెప్పే ఈల అది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

మూడోసారి లేవబోతూ ఒడ్డు వంక చూసింది. నీళ్ళ మీద ఏదో వస్తోంది. వెడల్పాటి బోర్డు, దాని మీద మోకాళ్ళ మీద పొట్టిగా, బొద్దుగా ఒక ఆకారం. ఒక క్షణం నమ్మలేకపోయింది. తల తిరగడం వల్ల లేనివి కనిపిస్తున్నాయేమో అనుకుంది.

మరదలే. పళ్ళ డాక్టరు ఇంకా తలుపు తీయలేదని తిరిగొచ్చి, ఇసుకలో పడున్న రెక్కలు చూసి, పలక చూసి, దూరంగా లేస్తూ పడుతున్న మనిషిని చూసి, ఒక బోర్డు లాక్కుని వచ్చేసింది. తెడ్డు తిరగేసి పట్టుకుంది. కళ్ళు ఇంత చేసుకుని వదిన మీదే పెట్టింది. గాలి వెనక నుంచి నెడుతుంటే వేగంగానే వస్తోంది. బోర్డు వెనక కాలితాడు నీళ్ళలో ఊరికే ఈడుస్తోంది. కట్టుకోవడం మరిచిపోయింది.

ఆ మనిషి ఇప్పుడు పక్కకు ఒరిగితే బోర్డు గాలికి కొట్టుకుపోతుంది. ఈత రాదు. వేసుకున్న లైఫ్ జాకెట్టు పట్టీ కూడా ఒకటే పెట్టుకుంది, రెండోది వేలాడుతోంది.

నిట్రాట మోకాళ్ళ మీద కూర్చుంది. కూర్చున్నానని తెలుసుకునే తీరిక లేదు. ఈల నోట్లో పెట్టుకుని మూడుసార్లు, ఊపిరి ఉన్నంత మేరా ఊదింది. తెడ్డును మధ్యలో పట్టుకుని, తల కదలకుండా, మరదలి మొహం ఒక్కటే చూస్తూ గాలికి ఎదురు నెట్టింది. నిలబడి ఉన్నప్పుడు ముందుకు కదలని బోర్డు ఇప్పుడు కదిలింది.

రెండు బోర్డులూ పక్కపక్కకు రాగానే ఆవిడ అన్న మొదటి మాట, "తెడ్డు తిరగేసి పట్టుకున్నావు."

"తెలుసు వదినా. తిప్పుదామంటే చెయ్యి వదలాలి కదా" అంది మరదలు, వాచిన బుగ్గతో.

నిట్రాట వంగి, నీళ్ళలో ఈడుస్తున్న తాడు అందుకుని మరదలి కాలికి కట్టింది. రెండుసార్లు లాగి చూసింది. జాకెట్టు రెండో పట్టీ పెట్టింది. అప్పుడు ఊపిరి వదిలింది.

"ఇప్పుడేం చేయాలో తెలుసా?"

"బోర్లా పడుకుని, తెడ్డు పొట్ట కింద పెట్టుకుని, చేతులతో. కట్ట చాటుకి వెళ్తే గాలి తగ్గుతుంది." మరదలు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

ఇద్దరూ బోర్లా పడుకున్నారు. గడ్డం బోర్డుకు ఆనించి, రెండు చేతులా నీళ్ళు తోడుతూ, మూరెడు మూరెడుగా వెనక్కి వచ్చారు. అందంగా ఏమీ లేదు ఆ దృశ్యం. నిట్రాటకు రెండుసార్లు కళ్ళు తిరిగాయి. తిరిగినప్పుడల్లా చెంప బోర్డుకు ఆనించి పడుకుంటే, పక్కనుంచి మరదలు "నేనిక్కడే ఉన్నా" అంటూ ఆగింది. ఈల విని రొట్టెల దుకాణం ఆయన రేవుకు ఫోన్ చేశాడు. వీళ్ళు కట్ట చాటుకు చేరి, రాళ్ళు పట్టుకునేసరికి తమ్ముడు ఇంజన్ పడవలో వచ్చాడు.

"ఎక్కుతారా?" అన్నాడు.

"అక్కర్లేదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆయన ఇంజన్ ఆపి, కాస్త దూరంలో పడవ నిలిపి కూర్చున్నాడు.

రాళ్ళు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ నిట్రాట అడిగింది. "ఎప్పట్నుంచి తగ్గిస్తున్నావు తెడ్డు?"

"చలికాలం నుంచి. జిగురు కోసమని మూడుసార్లు వెళ్ళారు. మూడుసార్లూ జిగురు లేకుండా వచ్చారు. నాకు తెలీదా వదినా, షెడ్డులో జిగురు వాడేది నేనే కదా. లేచేటప్పుడు మీరు గోడ పట్టుకోవడం కూడా చూశా."

"మరి అడగొచ్చుగా."

"అడిగితే మీరు మానేస్తారు. మానేస్తే ఊరుకుంటారా? పెట్టె సర్దుకుంటారు. మీ సంగతి నాకు తెలీదా?" మరదలు రాయిని రెండో చేత్తో కూడా పట్టుకుంది. "నేను ఆ ఇంటికొచ్చిన రోజు గుమ్మంలో మీరే నిలబడున్నారు. మీరు లేని ఇల్లు నేనెప్పుడూ చూళ్ళేదు. చూడలేను కూడా."

ఎన్నేళ్ళ నుంచో నిట్రాట లోపలే ఉంచుకున్నది బయటికి వచ్చింది. "నిలబడలేకపోతే నేనెందుకే మీకు?"

మరదలు తల తిప్పి చూసింది. కోపంగానే చూసింది. "పదకొండేళ్ళ నుంచి నేను పీట మీద కూర్చునే పనిచేస్తున్నా. నేనెందుకని మీరెప్పుడైనా అనుకున్నారా?"

"ఛ" అంది నిట్రాట. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. తమ్ముడు పడవలో అటు తిరిగి, బాగానే ఉన్న ఇంజన్ను ఏదో బాగుచేయసాగాడు.

మర్నాడు పలక మీద 'నిలబడవచ్చు' అని ఉంది. గాలి లేదు. నిట్రాట ఏడు గంటలకు మోకాళ్ళ మీద కట్ట దాకా వెళ్ళి వచ్చింది. తిరిగొచ్చేసరికి రొట్టెల దుకాణం ఆయన బెంచీ మీంచి లేచి షెడ్డు దగ్గర నిలబడి, నీళ్ళు నములుతున్నాడు.

"అలా కూర్చుని కూడా వెళ్ళొచ్చా అండీ?" అని అడిగాడు చివరికి. "నిలబడాల్సిందేనేమో అనుకుని ఇన్నాళ్ళూ..."

ఆవిడ ఆయన్ను ఎగాదిగా చూసి, "వెళ్ళొచ్చు. మూడేళ్ళ నుంచి అడక్కపోవడం మీ తప్పు, చెప్పకపోవడం నాది" అంది. మరదలు ఆయనకు వెడల్పాటి బోర్డు తీసిచ్చింది.

ఆయన వెళ్ళాక నిట్రాట తన పాత తెడ్డు పట్టుకుని షెడ్డు లోపలికి వచ్చింది. "లే" అంది మరదలితో. "గోడకు ఆని నిలబడు. చెయ్యి పైకెత్తు."

"ఎందుకు వదినా?"

"ఎత్తమంటే ఎత్తు."

మరదలు చెయ్యి పైకెత్తింది. పైకెత్తిన చేతిని మణికట్టు దగ్గర వంచితే వేళ్ళు ఎక్కడికి వస్తాయో అదే మనిషి తెడ్డు పొడవు. వచ్చే పోయే వేల మందికి ఈ కొలత తీసిన మనిషి మరదలు. ఆవిడకు ఎవరూ తీయలేదు. నిట్రాట తెడ్డు పక్కన ఆనించి, లోపలి గొట్టాన్ని కిందికి నెట్టింది. గోటి గీతలు ఆరూ దాటి ఇంకో నాలుగు వేళ్ళు పోయింది.

"ఇంకో రెండు నెలలు ఓపిక పట్టుంటే నీ పొడవుకే తెచ్చేదానివి" అని, గోళ్ళరంగు సీసా తెరిచి అక్కడ ఎర్రగా గీత గీసింది. మరదలు ఆ గీత ఆరేదాకా దాని వంకే చూస్తూ నిలబడింది.

ఇద్దరూ కలిసి అన్నిటికంటే వెడల్పాటి బోర్డు నీళ్ళలోకి తోశారు. మరదలి కాలితాడు నిట్రాట కట్టింది. నిట్రాట ముందు భాగంలో, వెనక్కి తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుంది. నడుము లోతు నీళ్ళలో, బోర్డు మధ్యలో, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు ఆనించి మరదలు లేచింది. బోర్డు ఊగింది. చూపు కిందికి దించుకుని, కదిలితే పుట్టి మునుగుతుందన్నట్టు బిగుసుకుపోయింది.

"కాళ్ళు చూసుకోకు. కాళ్ళెక్కడికీ పోవు" అంది నిట్రాట, పాఠంలోలాగే.

"కాళ్ళు చూడటం లేదు వదినా" అంది మరదలు. "మిమ్మల్ని చూస్తున్నా."

నిట్రాట బోర్డు అంచులు రెండు చేతులా పట్టుకుంది. కట్ట వంక చూడమని చెప్పడానికి ఆవిడకు కొంచెంసేపు పట్టింది.